మందునకు లొంగని క్యాన్సరు



జనగామకు నాలుగు క్రోసుల దూరమున నున్న యొక పల్లెలో నాకొక పాత మిత్రుడు కలడు. ఆయన వ్యవసాయదారుడు, నేను జీవశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. మూడేండ్ల క్రిందట ఆయన భార్యకు రొమ్మున గడ్డ పుట్టెను. హైదరాబాదునకు గొనిపోయి పరీక్ష చేయింపగా క్యాన్సరని తేలెను. వైద్యులు మందు లెక్కించిరి. మూడు మాసములలో గడ్డ శనగగింజంత యయ్యెను. పిదప శస్త్రచికిత్స జరిగెను. ఆమె తిరిగి పొయ్యి యొద్దకు వచ్చి జొన్నరొట్టెలు కాల్చిన నాడు ఆ యింట పండుగయే యయ్యెను. ఏడాదిన్నర గడచిన పిదప చంక క్రింద మఱియొక గడ్డ కనబడెను. ఆ మందునే మఱల నిచ్చిరి. ఈసారి గడ్డ కరగలేదు.

నేను చూడబోయినప్పుడు నా మిత్రుడు అరుగుపై కూర్చుండి యిట్లడిగెను: “సారూ, మనిషి గా మనిషే, మందు గా మందే. మొదలు పనిజేసింది, గిప్పుడెందుకు జేస్తలేదు? మందు నకిలీదా, మా కర్మమా? ఇంకో మందు రాస్తమంటున్నరు. మొదటిదే లొంగనప్పుడు రెండోదానికి రెండెకరాలు అమ్ముడెందుకు?”

ఈ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. మహబూబాబాదు ప్రాంతమున మిరపచేని గట్టుపైనను, పరకాల మీదుగా పోయి చేరెడి భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల యిండ్లయందును, నేనిదే ప్రశ్నను వేఱువేఱు మాటలలో వింటిని. దీనికి పల్లెలలో సాధారణముగా రెండు సమాధానములు చెప్పుచుందురు. మందు మంచిది కాదనుట యొకటి. రాత యట్లున్నదనుట రెండవది. ఈ రెంటిలో దేనిని నమ్మినను ఇంటి పెద్ద చేయు పని యొక్కటియే: చికిత్స మానిపించుట. కావుననే ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పు మూడవ సమాధానమును మీకు నివేదింప దలచితిని. నేను వైద్యుడను గాను. చదివి, విచారించి, తెలిసికొన్న దానిని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ కథ యొక తెలుగువానితో ప్రారంభమగును. యెల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 వ సంవత్సరమున భీమవరమున జన్మించిరి. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, పిదప అమెరికాకు పోయిరి. స్ప్రూ యను జీర్ణవ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనను గూడ బాధించినది. 1940 లో ఆయన న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అచ్చటి పరిశోధనలకు నాయకులైరి.

ఆ కాలమున ఫోలిక్ ఆమ్లమను విటమినును గుఱించి శాస్త్రజ్ఞులు తహతహలాడుచుండిరి. దాని జాడను మొట్టమొదట మన దేశముననే కనిపెట్టిరి. బొంబాయిలో గర్భిణీ స్త్రీలకు కలుగు రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారముచే ఆ వ్యాధి నయమగుట చూచి 1931 లో ప్రకటించెను. 1941 లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఆ పదార్థమును వేఱు చేసిరి. లాటిను భాషలో ఆకునకు గల పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావు గారి బృందము 1945 లో దానిని ప్రయోగశాలలో తయారు చేసెను.

శరీరమున క్రొత్త కణము పుట్టవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలెను. క్యాన్సరు కణములు అదుపు లేక పుట్టుచుండును గదా! బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తక్యాన్సరు గల పిల్లలకు ఈ విటమినునకు సంబంధించిన పదార్థముల నిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మాఱుగా హెచ్చినట్లు తోచెను. అంతట ఆయన కొక యూహ పొడమెను: విటమినును బోలి యుండి, విటమిను పని చేయని మాఱువేషపు పదార్థము నిచ్చినచో, కణము దానిని మ్రింగి పని నిలిచి చావదా? అట్టి మాఱువేషపు పదార్థములను సుబ్బారావు గారి బృందము చేసి యిచ్చెను. వానిలో నొకటి అమినోప్టెరిన్.

1948 జూన్ మాసమున ఫార్బరు తన ఫలితములను ప్రకటించెను. 16 మంది పిల్లలకు మందీయగా 10 మందికి మేలు కలిగెను. అంతకు పూర్వము ఆ వ్యాధి సోకిన పిల్లలకు మరణము తప్ప వేఱు మార్గము లేకుండెను. అట్టి పిల్లలు లేచి తిరుగుటయు, అన్నము తినుటయు చూచి లోకము విస్మయము చెందెను. కాని ఆ సంతోషము కొలది మాసములే నిలిచెను. వ్యాధి తిరుగబెట్టెను, ఈసారి మందు పాఱలేదు. ఆ యేడు ఆగస్టు మాసముననే సుబ్బారావు గారు 53 వ యేట మరణించిరి. జనగామ పల్లెలో నా మిత్రుడు వేసిన ప్రశ్నయే బోస్టనులో ఆ పిల్లల తల్లిదండ్రులకును ఎదురయ్యెను. తేడా యేమనగా, వారికి సమాధానము చెప్పగల వాడు నాడెవ్వడును లేడు.

సమాధానములో మొదటి భాగము 1952 లో దొరకెను. అమెరికాలో లాయిడ్ లా అను శాస్త్రజ్ఞుడు ఎలుకల రక్తక్యాన్సరు కణములను పరిశీలించి చూచెను. మందునకు లొంగని కణములు మందు ఇచ్చిన పిమ్మట నేర్చుకొని లొంగకుండుట కాదనియు, అట్టివి కొన్ని మందీయక పూర్వమే గుంపులో నున్నవనియు ఆయన చూపెను.

ఈ మాట మీకు క్రొత్త గాదు. ప్రత్తి సాగు చేయు ప్రతి రైతునకు దీని యనుభవము కలదు. ఒకే మందును ఏటేట కొట్టినచో ఏమగును? మొదటి యేడు పురుగు రాలిపోవును. కాని లక్ష పురుగులలో నొకటి రెండింటికి ఆ మందు పుట్టుకతోనే పట్టదు. తక్కినవన్నియు చచ్చుటచే మేత యంతయు వానిదే యగును. వాని సంతానమే చేను నిండును. రైతు మందు నకిలీదని యనుకొనును; నిజమునకు మాఱినది పురుగుల గుంపు. 2002 లో మన దేశమున బీటీ ప్రత్తికి అనుమతి లభించెను. 2010 నాటికే గుజరాతున గులాబీరంగు కాయతొలుచు పురుగు మొదటి రకపు బీటీకి లొంగుట లేదని తేలెను. మన జిల్లాల ప్రత్తి రైతులు ఆ పురుగును తరువాతి సంవత్సరములలో కన్నులార చూచిరి.

శనగగింజంత గడ్డలో పదుల కోట్ల నుండి నూఱు కోట్ల వఱకు కణము లుండును. అంత గుంపులో మందు పట్టనివి కొన్ని యుండుట వింత గాదు. మందు తక్కిన వానిని చంపును, గడ్డ కరగును, ఇంట పండుగ యగును. మిగిలిన పిడికెడు కణములు ఏడాదికో రెండేండ్లకో మఱల గడ్డ కట్టును. ఆ గడ్డ మొదటి గడ్డ కాదు. అందువలననే మొదటి మందు దానికి పట్టదు. నా మిత్రుడు “మనిషి గా మనిషే, మందు గా మందే” యనెను. అది నిజమే. కాని గడ్డ గా గడ్డ కాదు.

ఇక ఆ కొన్ని కణములకు మందు పట్టకుండుటకు కారణమేమి? సుబ్బారావు గారి ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేటు అను మందునే తీసికొందము. ఇది అమినోప్టెరిన్‌కు తోబుట్టువు. నేటికిని క్యాన్సరునకు వాడుచున్నారు. కీళ్లవాతము గలవారికి కొద్ది మోతాదున వారమున కొకసారి ఇచ్చుచున్నారు. ఈ మందు కణములోనికి పోవుటకు కణపు పొరయం దొక ద్వారము కలదు. లోనికి పోయిన పిదప ఫోలిక్ ఆమ్లముతో పనిచేయు నొక యెంజైమును, అనగా కణములో రసాయన కార్యము జరిపించు పనివానిని, అది పట్టి బంధించును. లొంగని కణము చేయు ఎత్తులు పలు విధములు. బంధింపబడు పనివానిని ఒక్కనికి బదులు పదుల సంఖ్యలో పుట్టించును. ఈ యెత్తును 1978 లో రాబర్టు షింకే అను శాస్త్రజ్ఞుని బృందము బయటపెట్టెను. లేదా పనివాని ఆకారమును కొంచెము మార్చి పట్టు తప్పించును. లేదా అసలు ద్వారమునే మూసివేయును.

ఈ ద్వారము మూయుటలోనే నేటి ప్రసంగమునకు ముఖ్యమైన విషయ మున్నది. దానిని గ్రహించుటకు కణములోని గ్రంథమును గుఱించి రెండు మాటలు చెప్పవలెను. ప్రతి కణములోను డీ.ఎన్.ఏ. అను పొడవైన పదార్థము కలదు. అది సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథము వంటిది. దాని లిపిలో అక్షరములు నాలుగే. ఆ గ్రంథములో నొక్కొక్క పనిని గుఱించి చెప్పు భాగమునకు జన్యువని పేరు. మన కంటి కణమునకును కాలేయపు కణమునకును గ్రంథ మొక్కటియే. అయినను కన్ను చూచును. కాలేయము పైత్యరసము నూఱించును. ఒకే గ్రంథము నుండి వేఱువేఱు పనులెట్లు కలుగును? ఏ కణము ఏ భాగమును చదువవలెనో, దేనిని చదువరాదో తెలుపు గుఱుతులు గ్రంథముపై నుండుటచేతనే.

తెలుగు చదువుకొన్న మనకు ఈ గుఱుతు సులభముగా బోధపడును. ‘క’ యను అక్షరముపై చిన్న పొల్లు వేసినచో ‘క్’ అగును. అక్షరమును చెరుపలేదు, దాని స్థానమున వేఱొక యక్షరము వ్రాయలేదు. కాని దాని నోరు మూసికొన్నది. డీ.ఎన్.ఏ. లో అట్టి పొల్లు మిథైల్ అను చిన్న సమూహము: ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు, అంతే. సైటోసిన్ అను అక్షరముపై అది చేరును. ఒక జన్యువు యొక్క తలవాకిట ఇట్టి పొల్లులు దట్టముగా పడినచో కణము ఆ జన్యువును చదువదు. జన్యువు చెక్కుచెదరక అచ్చటనే యుండును గాని మూగదై యుండును. ఈ పొల్లులు వేయుటనే మిథైలీకరణ మందురు. కణము రెండుగా చీలునప్పుడు గ్రంథమునకు ప్రతి వ్రాయబడును. అప్పుడు ప్రత్యేకమైన ఎంజైము, నేర్పరియైన లేఖకునివలె, పొల్లులను గూడ చూచి వ్రాయును. కావున తల్లికణపు మూగతనము బిడ్డకణమునకు సంక్రమించును. ఇట్టి గుఱుతులు కణవంశమున నిలుచునను ఊహను 1975 లో ఇంగ్లండునందును అమెరికాయందును శాస్త్రజ్ఞులు వేఱువేఱుగా ప్రకటించిరి.

ఈ మిథైల్ సమూహములు మన భోజనము నుండి వచ్చును. వానిని చేరవేయు వానిలో ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది. సుబ్బారావు గారు వెదకిన విటమినే ఇచ్చటను కనబడుచున్నది. అట్లని ఆకుకూరలు తిని కోరిన చోట పొల్లు వేయుటయో తుడుచుటయో సాధ్యమని తలపరాదు. ఆకుకూరలు రక్తమునకు మంచివి. క్యాన్సరు మందునకు బదులు గావు. మెథోట్రెక్సేటు పుచ్చుకొనువారు ఫోలిక్ మాత్రలను వైద్యుడు చెప్పిన తీరుననే వాడవలెను.

ఇక ద్వారము మాట. 2001 లో డెన్మార్కు పరిశోధకులు మెథోట్రెక్సేటునకు పుట్టుకతోనే లొంగని రొమ్ముక్యాన్సరు కణములను పరీక్షించిరి. మందు లోనికి పోవు ద్వారమునకు సంబంధించిన జన్యువు ఆ కణములలో నున్నది. అక్షరములు సరిగనే యున్నవి. కాని దాని తలవాకిట నిండ పొల్లులు పడి అది మూగబోయినది. ద్వారమే లేనప్పుడు మందెట్లు పోవును? వారు పొల్లులను తుడుచు మందొకటి వేసి చూచిరి. మూగజన్యువు మఱల పలికెను.

పెద్దలారా, ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. అక్షరమే మాఱినచో దానిని దిద్దుట కష్టము. ఒక విధమగు రక్తక్యాన్సరునకు 2001 లో ఇమాటినిబ్ అను గొప్ప మందు వచ్చెను. ఆ సంవత్సరముననే, ఒక్క యక్షరము మాఱుటచే కొందఱిలో ఆ మందు పట్టు తప్పుట కనుగొనిరి. ఆ మార్పును గూడ జయించు పొనాటినిబ్ అను మందు 2012 లో గాని రాలేదు. ఒక్క యక్షరమునకు పదునొకండేండ్లు! కాని పొల్లు సంగతి వేఱు. వేసిన పొల్లును తుడువవచ్చును. క్యాన్సరు పన్నిన యెత్తులలో కొన్ని తిరిగి మరలింపదగినవని దీని యర్థము. మిథైలీకరణ పరిశోధనకు ప్రపంచమున ఇంత ప్రాముఖ్యము కలుగుటకు కారణ మిదియే.

తుడుచు మందెట్లు దొరకెను? 1964 లో ప్రాగు నగరమున చెకోస్లొవేకియా శాస్త్రజ్ఞులు అజాసిటిడిన్ అను పదార్థమును తయారు చేసిరి. నాడు దానిని కణములను చంపు విషముగా మాత్రమే ఎంచిరి. 1980 లో అమెరికాలో పీటర్ జోన్స్, షర్లీ టేలర్ అను నిరువురు అది పొల్లులు పడకుండ చేయుచున్నదని చూపిరి. ఈ మందు సైటోసిన్ అక్షరమువలె నటించి గ్రంథమున చేరును. పొల్లు వేయ వచ్చిన లేఖకుని ఘంటము దానికి అంటుకొని పోవును, లేఖకుడు కదలలేడు. కణము రెండు మూడు మాఱులు చీలునప్పటికి పొల్లులు పలుచబడును. కావున దీనిని పెద్ద మోతాదున నొక్కసారి యిచ్చి చంపుట కంటె, చిన్న మోతాదున కొన్ని దినములు వరుసగ నిచ్చి, నెలనెల మఱల నిచ్చుట మేలని తెలిసెను.

ఎముకల మూలుగలో రక్తకణములు సరిగా తయారుగాని మైలోడిస్ప్లేసియా యను వ్యాధి వృద్ధులకు వచ్చును. కొందఱిలో అది రక్తక్యాన్సరుగా మాఱును. ఈ వ్యాధికి అజాసిటిడిన్‌ను 2004 లోను, దాని సోదరియగు డెసిటబిన్‌ను 2006 లోను అమెరికా ప్రభుత్వ మంగీకరించెను. 2009 లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, వ్యాధి ముదిరినవారిలో ఇతర చికిత్సలు పొందినవారి మధ్యస్థ జీవితకాలము 15 మాసములు కాగా, అజాసిటిడిన్ పొందినవారిది 24 మాసములకు పైబడెను. తొమ్మిది మాసములు మనకు స్వల్పముగా తోచవచ్చును. మనుమరాలి పెండ్లి చూడగోరు తాతకు అవి స్వల్పములు గావు. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2013 లో ఈ రెండు మందులను తక్కువ ధరకు దొరకు జనరిక్ రూపమున అమెరికా విపణిలో విడుదల చేసెను. ఆకు పేరిట విటమినుతో తెలుగువా డారంభించిన దారిలో మఱల తెలుగునేల పేరు వినబడుట మనకు సంతోషకరము.

అయితే పొల్లులన్నియు చెడ్డవని తలపరాదు. ఎచ్చట పడినదను దానిని బట్టి మేలో కీడో కలుగును. మెదడులో పుట్టు గ్లయోబ్లాస్టోమా యను క్రూరమైన క్యాన్సరునకు టెమోజోలొమైడ్ అను మందు నిచ్చెదరు. ఆ మందు కణపు గ్రంథమును గాయపఱచును. ఎం.జీ.ఎం.టీ. అను జన్యువు ఆ గాయమును మాన్పి క్యాన్సరు కణమును బ్రదికించును. ఈ జన్యువుపై పొల్లు పడి మూగబోయినచో మందు బాగుగ పనిచేయును. 2005 లో 206 మంది రోగుల గడ్డలను పరీక్షింపగా సుమారు 45 శాతములో ఈ జన్యువు మూగబోయి యుండెను. అట్టివారిలో కిరణచికిత్సతో పాటు ఈ మందును గూడ పొందినవారి మధ్యస్థ జీవితకాలము 21.7 మాసములు, కిరణచికిత్స మాత్రమే పొందినవారిది 15.3 మాసములు. ఇచ్చట పొల్లు రోగికి మిత్రము. ఏ రోగికి ఏ మందు తగునో ముందుగా తెలిసికొనుటకు గూడ ఈ పరీక్ష తోడ్పడును.

ఇక లొంగని గడ్డలపై పొల్లు తుడిచి పాత మందునే మఱల పనిచేయించు ప్రయత్నము లెట్లున్నవి? దాచక చెప్పవలెను. 2012 లో అమెరికాలో, కార్బోప్లాటిన్ వంటి మందులకు లొంగక పోయిన అండాశయపు క్యాన్సరు గల 17 మంది స్త్రీలకు మొదట కొద్ది మోతాదున డెసిటబిన్ నిచ్చి, పిదప కార్బోప్లాటిన్ నిచ్చిరి. వారిలో సుమారు మూడవ వంతు మందికి గడ్డలు తగ్గెను. ఇది ఆశాజనకము. కాని బ్రిటనులో జరిగి 2014 లో ప్రకటింపబడిన వేఱొక పరీక్షలో ఇటువంటి జోడింపు ఫలింపలేదు. పరీక్షను మధ్యలోనే నిలిపివేసిరి. తుడుచు మందు కోరిన పొల్లునే గాక కోరని వానిని గూడ తుడుచును. మోతాదు, వేళ, వరుస, వీనిలో నేది తప్పినను మేలు కలుగదు. కావున ఇది సిద్ధమైన విద్య కాదు, సాగుచున్న విద్య. ఎవడైన “క్యాన్సరు పొల్లు తుడిచెదము, ఇన్ని వేలు తెండు” అని మీ యూరికి వచ్చినచో వానిని పొలిమేర దాటింపుడు.

ఇప్పుడు నా మిత్రుని రెండవ ప్రశ్నకు వత్తును. మొదటి మందు లొంగనప్పుడు రెండవదేల? ఫార్బరు పిల్లలకు ఒంటరిగా విఫలమైన మందుల కథయే దీనికి సమాధానము. 1960 ల ఆరంభమున అమెరికా వైద్యులు మెథోట్రెక్సేటును మఱి మూడు మందులతో కలిపి ఒక్కమాఱే యిచ్చుటకు సాహసించిరి. ఒక కణము ఒక మందును తప్పించుకొనవచ్చును. నాలుగింటిని ఒక్కసారిగ తప్పించుకొనుట దుర్లభము. ఆ మార్గమున సాగి, నేడు సంపన్న దేశములలో పిల్లల లింఫోబ్లాస్టిక్ రక్తక్యాన్సరున పదిమందిలో తొమ్మండుగురు అయిదేండ్లకు మించి బ్రదుకుచున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేటు నేటికిని ఒక స్తంభము. ఒకసారి ఓడిన మందు, తోడు దొరికినప్పుడు గెలిచినది. రెండవ మందు మొదటిదానికి నకలు కాదు. వేఱొక ద్వారమున పోయి వేఱొక పనివానిని పట్టును.

కావున ఇంటి పెద్దలుగా మీరు చేయదగినవి కొన్ని మనవి చేసెదను. గడ్డ కరగినదని మధ్యలో చికిత్స మానిపింపకుడు. మిగిలిన కణములకు అదియే అదను. వైద్యుడు చెప్పిన దినమున కీమోకు తీసికొనిపొండు. నాట్లనియు, కోతలనియు వాయిదా వేయకుడు. చీటీలు, పరీక్షాపత్రములు, ఏ మందు ఎప్పుడు ఎంత యిచ్చిరో తెలుపు కాగితములు ఒక సంచిలో భద్రపఱచుడు. వ్యాధి తిరుగబెట్టినప్పుడు ఆ సంచి వైద్యునకు దీపము. అప్పుడు క్రొత్త గడ్డ నుండి ముక్క తీసి మఱల పరీక్షింపవలెనా యని అడుగుడు. గడ్డ మాఱియుండవచ్చునని మీరిప్పుడెఱుగుదురు. రహస్యముగ నాటుమందు త్రాగించి వైద్యునితో దాపకుడు. అన్నిటికి మించి, రోగిని నిందింపకుడు. మందు పాఱకుండుట ఆమె పాపఫలము కాదు, ఆమె తినిన దానివలన కాదు.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955 లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. ఆరోగ్యశ్రీ క్రింద క్యాన్సరు చికిత్సకు సహాయము కలదు. దాని పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరున 10 లక్షల రూపాయలకు పెంచిరి. పొలము అమ్ముటకు ముందు ఈ దారిని విచారింపుడు. మఱియొక మాట. ఎన్ని మందులును పనిచేయని తఱి కొందఱికి వచ్చును. అప్పుడు నొప్పి తగ్గించుటయే చికిత్స. అదియు వైద్యమే, ఓటమి కాదు. కాని ఆ తఱి వచ్చెనని నిర్ణయింపవలసినది విచారించి వైద్యుడును రోగియును కలిసి, అరుగుమీది నిరాశ కాదు.

నేనీ సంగతులన్నియు నా మిత్రునితో అరుగుపై రెండు సాయంకాలములు మాటలాడితిని. ప్రత్తిచేని మాట చెప్పినప్పుడు ఆయన తల యూచెను. పొల్లు మాట చెప్పినప్పుడు, చిన్ననాడు ఇసుకలో దిద్దిన యక్షరములు తలచుకొని నవ్వెను. మూడవనాడు భార్యను, కాగితముల సంచిని తీసికొని హైదరాబాదు రైలెక్కెను. క్రొత్త గడ్డను మఱల పరీక్షించిరి, అది మొదటిదానివలె లేదని తేలెను, మందు మార్చిరి. భూమి అమ్మవలసిన పని రాలేదు. మూడు మాసములైనది, గడ్డ తగ్గుచున్నది. రేపటి మాట నేను చెప్పజాలను, వైద్యులును చెప్పలేదు. మొన్న నేను పోయినప్పుడు ఆమె జొన్నరొట్టె పెట్టి, “సారూ, ఇంకోటి తినుండ్రి” అనినది. నేను రెండు తింటిని.